ప్రియదర్శినిలో కనిపించని లోకం

రాయపూర్ శంకర్ నగర్ నుంచి రాజిమ్ వైపు బయల్దేరితే గంటన్నర ప్రయాణంలో చంపారణ్ వస్తుంది. 1479లో వల్లభాచార్యులు అక్కడి అడవిలో, జమ్మిచెట్టు కింద పుట్టారని ఆయన అనుయాయులైన పుష్టిమార్గం వారి నమ్మకం. గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి వైష్ణవులు ఆ ఊరిని వెతుక్కుంటూ వస్తారు. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ తెలుగువాళ్ళు. కాశీ మీద దండయాత్ర జరగబోతోందన్న భయంతో అక్కడి నుంచి తరలిపోతూ ఈ అడవిదారి పట్టారని సంప్రదాయం చెబుతుంది. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ పుస్తకాల్లో తెరకెక్కవలసినవి ఏవి అన్న చర్చను ఇక్కడి నుంచి మొదలుపెట్టడం కాస్త విడ్డూరంగానే ఉంటుంది. ఆ చర్చ మామూలుగా బడ్జెట్‌తో మొదలై గ్రాఫిక్స్ మీదుగా ఏ హీరోకి ఏ పాత్ర నప్పుతుందన్న దగ్గర ముగుస్తుంది. కానీ దాని అడుగున చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం, అది లేదని తెలిసీ కళ్ళప్పగించి చూడటం మనిషికి మేలు చేస్తుందా, ఉన్న మాయ చాలదన్నట్టు ఇంకో మాయను నెత్తికెత్తుతుందా? దీనికి జవాబు తేలకుండా ఏ పుస్తకానికి అర్హత ఉందో చెప్పలేం. జవాబు వెతకడానికి నాకు దొరికిన మంచి పనిముట్టు చంపారణ్‌లో పుట్టిన ఆ తెలుగువాడి దగ్గరుంది.

మనకు అలవాటైన పనిముట్టు వేరు. సినిమా అంటే మాయ అనడం తెలుగువాడికి నోటికి అలవాటైన మాట. ఆ మాట వెనక శంకరుల అద్వైతం ఉంది. తాడును చూసి పామనుకోవడం, అద్దంలో నగరం కనిపించడం, కలలో రాజ్యమేలడం ఇవన్నీ ఆ దర్శనం మనకిచ్చిన దృష్టాంతాలే. ఉన్నట్టు తోచి దీపం తేగానే పోయేది ప్రాతిభాసికం, బతికినంతకాలం పనికొచ్చేది వ్యావహారికం, ఎప్పటికీ అబద్ధమని తేలనిది పారమార్థికం. ఈ కొలతతో చూస్తే మాంత్రికుడి గుహ, ఎగిరే గుర్రం, కాలయంత్రం అన్నీ ప్రాతిభాసికంలో పడతాయి. తర్కపరంగా ఇందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఈ కొలబద్ద మీద అన్ని కల్పనలకూ ఒకే మార్కు పడుతుంది. కె.వి.రెడ్డి 'పాతాళ భైరవి'కీ, గతవారం వచ్చి మొన్ననే వెళ్ళిపోయిన జానపదానికీ తేడా తెలియదు. పైగా తెరమీద పామును చూసి పరుగెత్తేవాడు ఎవడూ లేడు. ఇది అబద్ధమా నిజమా అన్న ప్రశ్న టికెట్ కొన్నప్పుడే తీరిపోయింది. తీరిపోయిన ప్రశ్నను పట్టుకుని మంచి కల్పననూ చెడ్డ కల్పననూ ఎలా వేరు చేస్తాం?

వల్లభాచార్యులు ఇంకోచోట గీత గీశారు. ఆయన శుద్ధాద్వైతంలో జగత్తు మిథ్య కాదు. బంగారం నగ అయినా బంగారంగానే మిగిలినట్టు, బ్రహ్మమే ఏ వికారమూ లేకుండా ఈ జగత్తుగా అయింది. ఎందుకైంది అంటే లీల కోసం, మరే అక్కరా లేక. కనుక జగత్తు సత్యం. మరి అబద్ధం ఏది? సంసారం. జీవుడు అవిద్య వల్ల 'నేను', 'నాది' అనే రెండు దారాలతో జగత్తు మీద అల్లుకునేది సంసారం. జ్ఞానం కలిగితే పోయేది అదే, జగత్తు ఎక్కడికీ పోదు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉండటంతో కంటికి ఒకటిగానే కనిపిస్తాయి. ఈ భేదాన్ని అరువు తెచ్చుకుని నేను అనేది ఇది: కల్పిత లోకం విషయంలోనూ అడగవలసింది అది ఉందా లేదా అని కాదు. అది తన నియమాలతో తాను నిలబడే జగత్తా, లేక చూసేవాడి కోరికలు చుట్టుకుని పెరిగిన సంసారమా అని. మొదటిరకం పుస్తకాలు తెరకెక్కాలి. రెండోరకానికి తెర అక్కర్లేదు, అవి మన బుర్రలో రోజూ ఆడుతూనే ఉంటాయి.

ఈ రెండింటి తేడాను తెలుగు సినిమాయే ఒకసారి సరదాగా చూపించింది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. మూత తీసి చూస్తే చూసేవాళ్ళకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. ఎవరికి వాళ్ళ మనసులోదే కనిపించడంతో గుట్టు బయటపడి నవ్వు పుడుతుంది. తెరమీద ఇంకో తెర పెట్టి, 'మీరు సినిమాకు వచ్చేది ఇందుకే కదా' అని ప్రేక్షకుణ్ణి ఆటపట్టించినట్టుంటుంది ఆ ఘట్టం. వల్లభులు చెప్పిన సంసారానికి ఇంతకన్నా మంచి యంత్రం లేదు: బయటి లోకం చూస్తున్నామనుకుంటాం, చూసేది మన మమతనే. అయితే ఆ పెట్టె ఉన్న ద్వారక మాత్రం ప్రియదర్శిని కాదు. ఘటోత్కచుడి ఆశ్రమం, చిన్నమయ్య శిష్యుల సందడి, రాత్రికి రాత్రి లేచిన మాయానగరం ఎవరి కోరిక తీర్చడానికో నిలబడినవి కావు. వాటికి వాటి మర్యాదలున్నాయి, వాటి భాష ఉంది, అక్కడ రాక్షసుడికి కూడా పెద్దా చిన్నా తెలుసు. అందుకే ఆ సినిమా పెట్టెను చూపించి నవ్వగలిగింది, తాను పెట్టె కాకుండా తప్పించుకుంది.

ఇదే పెట్టెను భయంగా చూపించినవాళ్ళూ ఉన్నారు. స్త్రుగాత్స్కీ సోదరుల రష్యన్ నవల ఆధారంగా తర్కోవ్‌స్కీ 1979లో తీసిన 'స్టాకర్'లో ఒక గది ఉంటుంది. అందులో అడుగు పెట్టినవాడి లోలోపలి కోరిక తీరుతుంది. నోటితో అడిగేది కాదు, వాడికి కూడా తెలియకుండా అడుగున ఉండేది. తమ్ముడి ప్రాణం కోసం వెళ్ళినవాడికి ధనం దొరికిందని, తానేమిటో తెలిసిపోయి వాడు ఉరేసుకున్నాడని అందులో చెబుతారు. ముగ్గురు మనుషులు ఎన్నో ప్రమాదాలు దాటి ఆ గడప దాకా వస్తారు, ఒక్కడూ లోపలికి వెళ్ళడు. నవలలో ఉన్న వింత వస్తువులను దర్శకుడు దాదాపు అన్నిటినీ తీసేశాడు. మిగిల్చింది తడిగడ్డి, పట్టాల మీద చిన్న బండి, నీళ్ళు, పాడుబడ్డ గోడలు. అయినా అది మన లోకం కాదని ప్రతి అడుగులోనూ తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ తిన్నగా నడవకూడదు, వచ్చిన దారిన వెనక్కి పోకూడదు. నియమం ఉంది కనుక లోకం ఉంది. అదే తర్కోవ్‌స్కీ అంతకుముందు 1972లో లెమ్ రాసిన 'సొలారిస్'ను తీసినప్పుడు, రచయిత ఒప్పుకోలేదు. లెమ్ రాసింది మనిషిని పట్టించుకోని, మనిషికి అర్థం కాని ఒక సముద్రం గురించి. తెరమీద అది ఒక భర్త పశ్చాత్తాపం కథ అయింది. సినిమా గొప్పదే, నాకిష్టమైనదే, కానీ ఫిర్యాదు న్యాయమైనది. జగత్తును తీసుకెళ్ళి సంసారంలో కలిపేశాడని లెమ్ బాధ, ఆయనకు వల్లభులెవరో తెలియకపోయినా.

మన దగ్గర ఇటీవలి ఉదాహరణ 2024లో వచ్చిన 'కల్కి 2898 ఎ.డి.'. కురుక్షేత్రం నుంచి మొదలుపెట్టి ఎండిపోయిన గంగ పక్కన మిగిలిన ఆఖరి నగరంగా కాశీని చూపించడం చిన్న ఊహ కాదు. అశ్వత్థామ శాపాన్ని భవిష్యత్తు దాకా మోయించడంలో పురాణం, సైన్స్ ఫిక్షన్ నిజంగానే ఒకదానినొకటి ముట్టుకున్నాయి. కానీ ఆ లోకం కుదురుకుంటున్న ప్రతిసారీ ఒక తెలిసిన ముఖం తలుపు తోసుకుని వస్తుంది, దర్శకులు రాజమౌళి, రాంగోపాల్ వర్మలతో సహా. హాల్లో ఈలలు పడతాయి. ఆ ఈల 'మనవాడు' అన్న మాటకు శబ్దరూపం. ఆ క్షణాన 2898 పోయి ఈ శుక్రవారం వచ్చేస్తుంది. రాయపూర్ మల్టీప్లెక్సులో హిందీ డబ్బింగ్ చూసేవాడికి ఆ ముఖాల్లో కొన్ని తెలియవు కనుక వాడికి ఆ లోకం కాస్త ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. తెలుగు ప్రేక్షకుడికి దొరకని భాగ్యం అది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. వల్లభుల లెక్కలో సత్యమైన జగత్తు బ్రహ్మం చేసింది. జీవుడు తన మనసుతో అల్లేది ఏదైనా సంసారం వైపే తూగుతుంది. నవలా రచయిత జీవుడే కదా, అతడి ఊహకు జగత్తు హోదా ఎలా ఇస్తావు అని ఏ పుష్టిమార్గీయుడైనా అడగవచ్చు. నిజమే, సిద్ధాంతాన్ని అక్షరాలా తీసుకుంటే ఇవ్వలేను. కానీ అదే సంప్రదాయంలో సమర్పణ అనే మాట ఉంది. బ్రహ్మసంబంధ దీక్షలో తనకున్నదంతా కృష్ణుడికి అప్పగించి, తర్వాతే వాడుకుంటారు. వస్తువు మారదు, దాని మీద 'నాది' అన్న ముద్ర పోతుంది. కల్పనలోనూ అలాంటిది జరగడం చూస్తాం. రచయిత ఒక లోకాన్ని కల్పించి, దాని నియమాలకు తానే లొంగిపోతే, తనకు ముద్దొచ్చిన పాత్రను కాపాడటానికి కూడా ఆ నియమాన్ని వంచకపోతే, ఆ లోకం అతడి చేయి దాటిందన్నమాట. టోల్కీన్ తన కథాలోకాన్ని సృష్టికి లోబడిన ఉపసృష్టి అన్నప్పుడు, క్రైస్తవ విశ్వాసంలో నిలబడి ఇంచుమించు ఇదే మాట అన్నాడు.

తెలుగులో దీనికి నిలువెత్తు రుజువు పింగళి సూరన 'కళాపూర్ణోదయం'. పదహారో శతాబ్దంలో, రాయల కాలం దాటిన తరంలో, ఇంత కథనయంత్రాన్ని పద్యాల్లో బిగించిన మనిషి ఉన్నందుకు తెలుగువాడు ఇప్పటికీ సరిగా గర్వించలేదు. ద్వారకలో కలభాషిణి అనే యువతి ఊయల ఊగుతుంటే ఆకాశంలో రంభా నలకూబరుల విమానం పోతుంటుంది. అక్కడ తగులుకున్న దారం ఎన్నో ముళ్ళు పడుతుంది. నారదుడి శిష్యుడు మణికంధరుడు తపస్సు చేస్తుంటే రంభ వస్తుంది. అతడు నలకూబరుడి రూపు తాలుస్తాడు. కలభాషిణి రంభ రూపు తాలుస్తుంది. చివరికి ఇద్దరు రంభలు ఎదురెదురుగా నిలబడి 'నేను రంభనంటే నేను రంభను' అని వాదులాడుకునే ఘట్టం వస్తుంది. ఎవరి ప్రేమ నిజం? రూపం అబద్ధమైతే ఆ రూపంలో అనుభవించిన ప్రేమ కూడా అబద్ధమేనా? తాను ప్రేమించినవాడి ముఖం వేసుకున్న పరాయివాడితో రంభ గడిపిన సమయం దేని లెక్కలో పడుతుంది? కాగితం మీద చదివేటప్పుడు పేరు చూసి అసలు రంభ ఎవరో గుర్తుపడతాం. తెరమీద ఆ ఊత ఉండదు. ఒకే నటి రెండుసార్లు నిలబడితే ప్రేక్షకుడి కళ్ళే సాక్ష్యం, ఆ కళ్ళే మోసపోతాయి. పుస్తకం అడిగిన ప్రశ్నను తెర ఇంకా లోతుగా అడగగల అరుదైన చోటు ఇది.

అంతకు మించినది ఇంకొకటి ఉంది. ఈ కథంతా బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ. ప్రణయ కలహంలో ఉన్న భార్యను మరిపించడానికి, తమ ఇద్దరి మధ్య జరిగిన సరసాన్నే మనుషులుగా, సంఘటనలుగా మార్చి ఒక కథ అల్లుతాడు. కానీ బ్రహ్మ నోటి మాట వట్టిపోదు. చెప్పినట్టే భూమ్మీద కళాపూర్ణుడు పుట్టాలి, రాజ్యమేలాలి. స్త్రీ పురుషుల రూపాలు తారుమారైన దంపతులకు అతడు పుడతాడు, పసిపాప నోట పూర్వజన్మ వృత్తాంతం వినిపిస్తుంది, విన్నవాళ్ళు కథలో పాత్రలవుతారు. సరదాకు అల్లిన కథకు సృష్టికర్తే కట్టుబడిపోయాడు. లీలగా మొదలై సత్యమైపోయిన జగత్తు అంటే ఇదే కదా! టెడ్ చియాంగ్ కథ ఆధారంగా 2016లో వచ్చిన 'అరైవల్'లో, కూతురు చనిపోతుందని ముందే తెలిసిన తల్లి ఆ జీవితాన్నే ఎంచుకుంటుంది. ముందే చెప్పబడిన జీవితంలో మనిషి ఇష్టానికి చోటుందా అని ఆ సినిమా అడిగితే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆ ప్రశ్న సూరన కావ్యంలో అంతకన్నా చమత్కారంగా, నవ్వుతూ ఉంది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. మన నిర్మాతలకు పద్యం కొరుకుడు పడకపోతే ఆ అనువాదమైనా దిక్కు.

రచయిత చేయి దాటిన లోకం అన్నాను కనుక 'చందమామ' సీరియల్స్ తలుచుకోక తప్పదు. 'పాతాళ భైరవి', 'మాయాబజార్' నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1947లో ఆ పత్రిక పెట్టారు. 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'రాకాసి లోయ', 'శిథిలాలయం' వంటి సీరియల్స్‌ను చిత్రకారుడు చిత్రా బొమ్మలతో కలిపి ఎన్నో తరాలు చదివాయి. రచయిత పేరు మాత్రం అచ్చయ్యేది కాదు. అది పత్రిక పద్ధతి, వైరాగ్యం కాదు. దాన్ని భక్తిగా పొగిడితే ఆయనకు అన్యాయం చేసినట్టే. అయినా ఫలితం చూడండి: ఆ అడవులు, ఆ శిథిల కోటలు ఎవరివీ కానట్టు, ఎప్పటినుంచో ఉన్నట్టు మనసులో మిగిలిపోయాయి. వాటిలో తత్త్వం తక్కువే. 'శిథిలాలయం' లాంటివి పిల్లలకోసం వారం వారం వచ్చే వెబ్ సిరీస్‌గా చక్కగా నడుస్తాయి. కళాపూర్ణోదయం పక్కన కూర్చోబెట్టనక్కర్లేదు.

రెండో అభ్యంతరం దర్శనశాస్త్రం నుంచి కాదు, చదువరి నుంచి వస్తుంది. పుస్తకంలో లోకాన్ని ప్రతి పాఠకుడూ తనదిగా ఊహించుకుంటాడు, తెర దాన్ని ఒకే రూపంలో బిగించేస్తుంది కదా అని. నిరాకారాన్ని విగ్రహం చేయడం మీద మన దేశంలో ఎన్ని వందల ఏళ్ళుగా వాదం నడిచిందో, ఇదీ దాని కొనసాగింపే. దీనికి రాయపూర్‌లోనే పెద్ద పరీక్ష ఉంది. ఈ నగరంలో ఉండి రాసిన హిందీ రచయిత వినోద్ కుమార్ శుక్ల నవల 'దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహతీ థీ'. 1999లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. రఘువర్ ప్రసాద్ చిన్న ఊళ్ళో లెక్కల లెక్చరర్. ఒకే గది, కొత్తగా కాపురానికి వచ్చిన భార్య సోన్‌సీ. ఒక సాధువు ఏనుగు మీద ఎక్కించుకుని అతణ్ణి కాలేజీకి తీసుకెళుతుంటాడు. ఆ గదిలో ఒక కిటికీ ఉంది. దానిలోంచి అవతలికి దూకితే నది, చెరువు, అలికిన కాలిబాట, టీ ఇచ్చే ముసలమ్మ. ఆ లోకానికి తాళం చెవి లేదు, మంత్రం లేదు, ఎందుకుందో ఎవరూ చెప్పరు, అడగరు. మొగుడూ పెళ్ళాం దూకుతారు, తిరిగి వస్తారు, మర్నాడు కాలేజీకి వెళ్ళాలి.

ఈ నవలను తెరకెక్కించేవాడు ఆ కిటికీ చుట్టూ నీలం వెలుగు పెట్టాడంటే అయిపోయింది. వెలుగు పెట్టిన క్షణం అది ప్రియదర్శిని అవుతుంది, పేదవాడి కోరిక తీర్చే పెట్టె. శుక్ల రాసింది అది కాదు. కిటికీ అవతల ఐశ్వర్యం లేదు, ఇవతల ఉన్న సరుకే ఉంది, కాకపోతే 'నాది' అన్న ఆరాటం తీసేసి. అందుకే ఆ లోకం సత్యంగా తోస్తుంది. దాన్ని ఎలా చూపించాలన్నదానికి పుష్టిమార్గం గుళ్ళయిన హవేలీల్లోని అలవాటు ఒక దారి చూపుతుంది. అక్కడ కృష్ణుడి స్వరూపానికి రోజుకు ఎనిమిది దర్శనాలు. తెర తీస్తారు, కాసేపు ఉంచుతారు, వేసేస్తారు. వెనక వేలాడే పిఛవాయి బొమ్మ ఋతువును బట్టి మారుతుంది. ఇంత రంగు, ఇంత అలంకారం ఉన్నా చూసి తనివి తీరిందని ఎవడూ అనడు. రూపాన్ని బిగించడం వల్ల ఊహ చావదు, తెర ఎప్పుడు వేయాలో తెలియకపోవడం వల్ల చస్తుంది. శుక్ల మరో నవల 'నౌకర్ కీ కమీజ్'ను మణి కౌల్ 1999లో సినిమాగా తీసినప్పుడు కథను వివరించాలని తాపత్రయపడలేదు. కిటికీ నవలకు కూడా అలాంటి నిదానం ఉన్న కెమెరా కావాలి: కిటికీ, పక్కనే గోడకు తగిలించిన చొక్కా, ఒకే వెలుతురులో.

మూడో అభ్యంతరం భక్తుడిది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఫాంటసీ అన్న పేరుతో పురాణాన్నీ జానపదాన్నీ ఒక గాటన కడుతున్నారు, మాకు ఘటోత్కచుడు కల్పన కాదు అంటాడు. అతడి మాటలో బలముంది. ఎన్.టి.రామారావు కృష్ణుడి వేషం క్యాలెండర్ల మీదుగా పూజగదుల్లోకి చేరింది. తెరమీది రూపం ధ్యానరూపమైపోయింది. అది వరమో ముప్పో ఎవరికి వారు తేల్చుకోవాలి. నామటుకు నేను పురాణాన్ని మళ్ళీ మళ్ళీ తీయడం కంటే కల్పితమని ఒప్పుకుని పుట్టిన పుస్తకాలను తీయడమే భక్తికి కూడా మేలనుకుంటాను. కల్పన భక్తి అడగదు, రెండు గంటల శ్రద్ధ అడుగుతుంది. ప్రశ్న వేయడానికి అక్కడ ఎవరి మనసూ నొచ్చుకోనక్కర్లేదు. మన పెద్దలకు ఈ రెంటికీ వైరం ఉందని తోచలేదు కూడా. 'పాతాళ భైరవి'కి ఆధారమైన మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు' చట్రం చూడండి. మణిసిద్ధుడు కాశీకి పోతుంటాడు. తోడు వచ్చే గోపుడు, దారిలో వింత కనిపిస్తే దాని కథ చెప్పాలని షరతు పెడతాడు. ప్రతి మజిలీలో ఒక కథ. కథ లేకపోతే పిల్లవాడు నడవడు, నడవకపోతే కాశీ చేరరు. తోట రాముడు పుట్టింది ఆ దారిలోనే. కోరినవన్నీ ఇచ్చే బొమ్మ చేతికి చిక్కినా, దాన్ని మాంత్రికుడు కాజేయగానే మేడా మిద్దే మాయమైపోయే ఘట్టాన్ని 1951లో ప్రేక్షకులు నోరు తెరుచుకుని చూశారు. బొమ్మ ఇచ్చినది పోయింది, రాముడి తెగువ, అంజిగాడి స్నేహం పోలేదు. ఏది సంసారమో ఏది కాదో ఆ సినిమా ఉపన్యాసం లేకుండా చెప్పింది.

ఇదంతా వాస్తవం నుంచి పారిపోవడం అనేవాళ్ళకు పెద్ద జవాబు అక్కర్లేదు. పదమూడు పధ్నాలుగేళ్ళ నరేంద్రుడు, తర్వాత వివేకానందుడైనవాడు, 1877లో ఎడ్లబండిలో రాయపూర్ వస్తూ కొండ చీలికలో వేలాడుతున్న పెద్ద తేనెపట్టును చూసి, ఆ ఈగల రాజ్యం గురించి ఆలోచిస్తూ ఒళ్ళు మరిచాడని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. అక్కడ ఉన్నది తేనెపట్టే. ఆశ్చర్యపడటం చేతనైనవాడు ఉన్న లోకాన్నే చూస్తాడు. మంచి ఫాంటసీ నేర్పేది ఆ చేతనైనతనాన్నే.

దానికి నా దగ్గరున్న ఆఖరి సాక్ష్యం విశ్వనాథ సత్యనారాయణ 'హాహా హూహూ'. ఆయన 'ఏకవీర' 1969లో సినిమా అయింది. నా ఓటు మాత్రం ఈ చిన్న పుస్తకానికి. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక గంధర్వుడు పడతాడు. ఒళ్ళు మనిషిది, తల గుర్రానిది. జనం మూగుతారు, బోనులో పెడతారు, ఇది ఏ జాతి జంతువో తేల్చడానికి శాస్త్రవేత్తలు దిగుతారు. ఆ ప్రాణి నోరు తెరిస్తే సంస్కృతం. దాన్ని అర్థం చేసుకునే పండితుణ్ణి వెతకాల్సి వస్తుంది. వలస పాలన రోజుల్లో రాసిన ఈ కథలో వెక్కిరింత ఎటు తిరుగుతుందో చెప్పక్కర్లేదు. కానీ అది వెక్కిరింతతో ఆగదు. బోనులో ఉన్నవాడికి తన లోకం గురించి ఏ అనుమానమూ లేదు. తమ కొలతకు అందని ప్రాణి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే, తమ కొలతనే అనుమానించవలసి వస్తున్నది బయట నిలబడ్డవాళ్ళు. ఏది కల్పన, ఏది జగత్తు అన్న ప్రశ్నలో ఆ ఇనుప ఊచలకు ఇటు ఎవరు, అటు ఎవరు అన్నది పేజీ పేజీకీ తారుమారవుతుంది. సంస్కృతం, ఇంగ్లీషు, కింద తెలుగు అక్షరాలతో ఇది తీయడానికి కష్టమైన సినిమా ఏమీ కాదు. ఒక కూడలి, ఒక బోను, మంచి రచన చాలు. గ్రాఫిక్స్‌కు ఖర్చయ్యేది ఒక్క గుర్రపు తలకే. ఏ నిర్మాతకైనా దీన్ని చెబితే ఎక్కడ ఆగుతాడో ఊహించడం కష్టం కాదు: కథంతా విని, బాగుందని, హీరో ముఖం ఏ సీన్లో కనిపిస్తుందని అడుగుతాడు. కనిపించదు, మొదటి నుంచి చివరిదాకా గుర్రం తలే ఉంటుంది. ఈల వేయడానికి 'మనవాడు' దొరకని ఆ రెండు గంటల కోసమే ఈ పుస్తకాన్ని తీయాలి.